ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ నేర్చుకోవాలంటే ఏ దారి ఎవరికి?

పీఎంపీ (అనుభవం ఉన్న ప్రాజెక్ట్ మేనేజర్లకు ఇచ్చే సర్టిఫికెట్) చేయమంటారా, గూగుల్ సర్టిఫికెట్ సరిపోతుందా, స్క్రమ్ మాస్టర్ (సాఫ్ట్‌వేర్ టీంలు స్క్రమ్ అనే పద్ధతిలో నడిచేలా చూసేవారు) అయితే త్వరగా ఉద్యోగం వస్తుందా అని అడిగేవాళ్లను నేను ముందు రెండు మాటలు అడుగుతాను. ఆ సర్టిఫికెట్ చూసి మీకు అవకాశం ఇవ్వాల్సింది ఎవరు? ఇప్పుడు మీ చేతిలో గడువున్న పని ఏదైనా ఉందా? ఈ రెండింటికీ జవాబు దొరికితే ఎంపిక చాలావరకు తేలిపోతుంది. దొరక్కముందే ఫీజు కట్టేస్తే, కోర్సు మంచిదే అయినా, నేర్చుకున్నది వాడే చోటు లేక కొన్నాళ్లకే మరుపున పడుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏ వృత్తిలో ఉన్నవారైనా మొదట్లో రూపాయి ఖర్చు పెట్టక్కర్లేదు. పనిచేసే చోటే ఒక చిన్న పనిని ప్రాజెక్టులా నడిపి చూడండి, పక్కన ఉచిత పాఠాలు వినండి. మీరు కోరుకునే ఉద్యోగ ప్రకటనల్లో ఒక సర్టిఫికెట్ పేరు పదేపదే కనిపిస్తోందంటే, డబ్బు పెట్టాల్సింది అప్పుడు, దాని మీద.

ఇదంతా ఐటీ వాళ్ల వ్యవహారం అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆసుపత్రిలో కొత్త వార్డు తెరవడం, స్కూల్లో అడ్మిషన్లను ఆన్‌లైన్‌కు మార్చడం, బ్యాంకు బ్రాంచిని కొత్త బిల్డింగ్‌లోకి తరలించడం, షాపులో చేతి పద్దుల నుంచి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు మారడం, అన్నీ ప్రాజెక్టులే. రోజూ ఒకేలా సాగే పనికి ఇవి వేరు. ఒక తేదీన మొదలై, మరో తేదీలోపు ముగియాలి, ముగిశాక కొత్తది ఏదో చేతికి రావాలి. ఇలాంటి పని నెత్తిన పడని ఉద్యోగం ఈ రోజుల్లో అరుదు.

ఏ కోర్సులోనైనా అసలు సరుకు ఇదే

కోర్సుల్ని పోల్చే ముందు, వాటన్నింటిలో ఉమ్మడిగా ఉండేది ఏమిటో చూస్తే మంచిది. ఇల్లు కట్టేటప్పుడు స్లాబ్ వేయడం అందరూ చూసిందే. సెంట్రింగ్ కొట్టాలి, ఐరన్ కట్టాలి, కాంక్రీట్ పోసేలోపు ఎలక్ట్రీషియన్ వచ్చి కరెంటు పైపులు, ఫ్యాన్ బాక్సులు వేసేయాలి. బాత్రూమ్ పైపులకు ఎక్కడెక్కడ దారి వదలాలో ప్లంబర్ గుర్తు పెట్టాలి. ఇవన్నీ అయ్యాకే కాంక్రీట్. ఎలక్ట్రీషియన్ ఒక్కరు ఆ రోజు రాకపోతే మిక్సర్, వైబ్రేటర్, స్లాబ్ మేస్త్రీ బృందం మొత్తం ఖాళీగా కూర్చోవాలి, కూలీ మాత్రం ఇవ్వాలి. పోశాక కనీసం వారం పాటు నీళ్లు కట్టాలి. మన దేశపు కాంక్రీట్ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం, మామూలు సిమెంటుతో వేసిన స్లాబ్ కింద పోట్లు (దాన్ని మోసే కర్రలు) తీయాలంటే స్పాన్ (ఆధారాల మధ్య దూరం) నాలుగున్నర మీటర్ల లోపైతే 7 రోజులు, దాటితే 14 రోజులు ఆగాలి. ఎంత తొందరున్నా ఆ రోజులు తగ్గవు.

ఈ వరసలో ఏ పని ఒక రోజు ఆగితే గృహప్రవేశం కూడా ఒక రోజు వెనక్కి పోతుందో, ఆ పనుల గొలుసే క్రిటికల్ పాత్. ఆ సమయంలో గోడల రంగు ఎంచుకోవడం వారం ఆలస్యమైనా నష్టం లేదు, దానికి ఉన్న ఆ వెసులుబాటు పేరు ఫ్లోట్. 1957 ప్రాంతంలో డ్యూపాంట్ కంపెనీ, రెమింగ్టన్ రాండ్ కలిసి తయారు చేసిన పద్ధతి ఇది. ఆ మరుసటి ఏడాదే అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కోసం, ఏ పనికి ఎన్ని రోజులో కచ్చితంగా తెలియనప్పుడు అంచనాలతో షెడ్యూల్ వేసే పెర్ట్ అనే పద్ధతిని తెచ్చింది. ఇప్పటికీ ఏ కోర్సులోనైనా షెడ్యూల్ పాఠం వీటి మీదే నిలబడుతుంది. ఏ పని ఆగితే మొత్తం ఆగుతుందో గుర్తించగలగడం ఒక్కటి వచ్చినా మీ ఆఫీసులో మీ మాటకు విలువ పెరుగుతుంది.

రెండో పాఠం, మూడింటి మధ్య బేరం: ఎంత పని, ఎంత సమయం, ఎంత డబ్బు. ఒకటి కదలకపోతే మిగతావి కదలాలి. దీనికి మంగళయాన్ కన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు కనబడదు. అంగారకుడికి తక్కువ ఇంధనంతో వెళ్లే వీలు సుమారు 26 నెలలకోసారే వస్తుంది. 2012 ఆగస్టులో ప్రకటన వచ్చింది, 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి ప్రయోగం జరిగింది. తేదీ మారదు, బడ్జెట్ సుమారు 450 కోట్లు. అందుకే పని పరిధిని దానికి తగ్గట్టు కుదించారు. నమ్మకంగా ఎగురుతున్న పీఎస్‌ఎల్‌వీనే వాడారు, మొత్తం 15 కిలోల బరువున్న ఐదు పరికరాలతో సరిపెట్టుకున్నారు. మీ మేనేజర్ ‘తేదీ మారదు, మనుషుల్ని ఇవ్వలేను, కానీ ఇంకో రెండు ఫీచర్లు కలపాలి’ అన్నప్పుడు, ఏది తగ్గించాలో ప్రశాంతంగా అడగగలిగితే ఈ పాఠం వచ్చినట్టే.

మిగిలినవి, అంటే రిస్కుల జాబితా, ఎవరికి ఏ సమాచారం ఎప్పుడు చెప్పాలి, అనుకున్న పనికి మధ్యలో కొత్తవి వచ్చి చేరుతుంటే ఎలా అడ్డుకట్ట వేయాలి అన్నవి, చదివితే ఒక రోజులో అర్థమవుతాయి, అలవాటు కావడానికే నెలలు పడుతుంది.

మొదటి దారి: ఉన్నచోటే ఒక ప్రాజెక్టు

అందరికీ నేను ముందుగా చెప్పేది ఇదే. ఆసుపత్రిలో నర్సింగ్ ఇన్‌చార్జిగా ఉన్నారనుకుందాం. కాగితపు కేస్ షీట్ల నుంచి కంప్యూటర్‌కు మారమని పైనుంచి ఆర్డర్ వచ్చింది. ఒక తెల్ల కాగితం తీసుకుని ఐదు విషయాలు రాయండి: ఎందుకు మారుతున్నాం, ఈ విడతలో ఏయే వార్డులు, ఏవి ఇప్పుడు చేయం, ఏ తేదీకి, ఎవరు ‘సరే’ అనాలి. ఆ కాగితం మీద సూపరింటెండెంట్ సంతకం పెట్టించుకోండి. కోర్సు భాషలో దీన్నే ప్రాజెక్ట్ చార్టర్ అంటారు. తర్వాత రిస్కులు రాయండి. నైట్ డ్యూటీ వాళ్లకు ట్రైనింగ్ ఎప్పుడు? నెట్ పోతే మందుల వివరాలు ఎక్కడ రాసుకోవాలి? మొదటి వారం పాత కాగితాలు కూడా నడుపుతామా? గోడ మీద మూడు నిలువు గడులు గీసి చేయాల్సినవి, జరుగుతున్నవి, అయిపోయినవి అని చీటీలు అంటించండి. వారానికోసారి ఆ గోడ ముందు నిలబడి పావుగంట మాట్లాడుకోండి.

ఇది చేసినవాళ్లు తర్వాత ఏ కోర్సులో కూర్చున్నా ప్రతి పాఠం తమ వార్డు గురించే చెబుతున్నట్టు ఉంటుంది. ప్రాజెక్టు లేకుండా కోర్సులో చేరినవాళ్లకు అవన్నీ బట్టీ పట్టాల్సిన నిర్వచనాలు.

ఈ దారిలో లోపం కూడా ఉంది. తప్పు చేస్తే సరిదిద్దేవాళ్లు ఉండరు, కొత్త కంపెనీ హెచ్‌ఆర్‌కు చూపించడానికి కాగితం ఉండదు. అందుకే ఇలాంటి పని నడిపిన అనుభవమున్న సీనియర్‌ను ఒకరిని ప్రతి రెండు వారాలకూ మీ ప్లాన్ చూడమనండి. చేసిన ప్రతి ప్రాజెక్టుకూ మొదలైన నెల, ముగిసిన నెల, టీంలో ఎంతమంది, మీ పాత్ర ఏమిటి, చివరికి ఏం సాధించారు అన్నది రాసి దాచుకోండి. ఈ రికార్డు పీఎంపీ దరఖాస్తు రోజున బంగారంలా పనికొస్తుంది.

ఎన్‌పీటీఈఎల్, గూగుల్: చవకైన రెండు దారులు

ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఆన్‌లైన్ పాఠాల కార్యక్రమం ఎన్‌పీటీఈఎల్‌లో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ కోర్సులు స్వయం పోర్టల్ ద్వారా దొరుకుతాయి. చేరడం, వినడం ఉచితం. సర్టిఫికెట్ కావాలంటే సెంటర్‌కు వెళ్లి పరీక్ష రాయాలి, ఫీజు కోర్సుకు 1000 రూపాయలుగా ఉంటూ వచ్చింది. వారం వారం అసైన్‌మెంట్లకు 25 శాతం, పరీక్షకు 75 శాతం మార్కులు. సాధారణంగా జనవరి, జులై నెలల్లో కొత్త బ్యాచ్‌లు మొదలవుతాయి. చాలా కోర్సుల పాఠాలకు తెలుగు అనువాదాలు కూడా చేయిస్తున్నారు, మీరు ఎంచుకున్న కోర్సుకు ఉందో లేదో దాని పేజీలో చూసుకోండి.

కోర్సెరా అనే ఆన్‌లైన్ కోర్సుల వెబ్‌సైట్‌లో ఉన్న గూగుల్ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ తీరు వేరు. అనుభవం, డిగ్రీ ఏవీ అడగరు. నెలవారీ చందా కాబట్టి త్వరగా ముగిస్తే తక్కువ ఖర్చు, వారానికి పది గంటలు కూర్చుంటే ఆరు నెలల్లోపే అవుతుంది. కట్టలేనివారు ఫైనాన్షియల్ ఎయిడ్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. చివర్లో ఒక ఊహా రెస్టారెంటులో టేబుళ్ల మీద టాబ్లెట్లు పెట్టే ప్రాజెక్టు ఇస్తారు. దానికి చార్టర్, ప్లాన్, మీటింగ్ నోట్స్, ఈమెయిళ్లు అన్నీ మీరే తయారు చేయాలి. నాకు ఈ కోర్సులో బాగా నచ్చేది ఇదే, రాసే పని ఎక్కువ.

రెండింటిలో ఏది? ఇంజినీరింగ్ విద్యార్థి అయితే, లెక్కలంటే భయం లేకపోతే ఎన్‌పీటీఈఎల్. నెట్‌వర్క్ లెక్కలు (పనుల గొలుసును లెక్కగట్టడం), పెర్ట్, ఖర్చు అంచనాలు గట్టిగా వస్తాయి, కొన్ని కాలేజీల్లో క్రెడిట్లు కూడా కలుస్తాయి. ఉద్యోగంలో ఉన్న టీచర్, బ్యాంకు ఉద్యోగి, హెచ్‌ఆర్, లేదా పిల్లల కోసం కొన్నేళ్లు ఆగి మళ్లీ పనిలోకి రావాలనుకునే మహిళ అయితే గూగుల్ కోర్సు. అందులో దొరికే టెంప్లేట్లు మర్నాడే ఆఫీసులో వాడుకోవచ్చు. అయితే ఈ రెండింటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా ప్రాజెక్ట్ మేనేజర్ ఉద్యోగం తెచ్చిపెట్టదు, ఆ ఆశతో మాత్రం చేరకండి.

పీఎంపీ ఎప్పుడు, సీఏపీఎం ఎవరికి

అమెరికాలో 1969లో పుట్టిన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్, అంటే పీఎంఐ, 1984 నుంచి ఇస్తున్న సర్టిఫికెట్ పీఎంపీ. అన్ని రంగాల్లోనూ, గల్ఫ్ నుంచి అమెరికా దాకా గుర్తింపు ఉన్నది ఇదే. కానీ అది నేర్చుకోవడం మొదలుపెట్టే చోటు కాదు. డిగ్రీ ఉన్నవారికి ప్రాజెక్టులు నడిపిన 36 నెలల అనుభవం, లేనివారికి 60 నెలలు, దానికి తోడు 35 గంటల శిక్షణ అడుగుతూ వచ్చారు. ఒకే నెలలో రెండు ప్రాజెక్టులు నడిపినా ఒక నెలగానే లెక్క. మీ హోదా పేరు ప్రాజెక్ట్ మేనేజర్ కానక్కర్లేదు, టీంను నడిపి పని ముగించి ఉంటే చాలు. చెల్లెలి పెళ్లి దగ్గరుండి జరిపించడం లాంటి సొంత పనులు లెక్కలోకి రావు, అది ఉద్యోగ అనుభవమే కావాలి.

2021 జనవరిలో వచ్చిన నమూనా ప్రకారం పరీక్షలో 180 ప్రశ్నలు, 230 నిమిషాలు ఉంటూ వచ్చాయి. సుమారు సగం ప్రశ్నలు ఎజైల్ (పనిని చిన్న విడతలుగా చేస్తూ, మార్చుకుంటూ పోవడం), హైబ్రిడ్ (దాన్నీ ముందే మొత్తం ప్లాన్ వేసే పద్ధతినీ కలపడం) పద్ధతుల మీద. పీఎంఐ ఈ నమూనాను, అర్హతల్ని కొన్నేళ్లకోసారి మారుస్తుంటుంది, కాబట్టి స్నేహితుడి పాత పుస్తకాలతో తయారవకుండా దరఖాస్తు రోజున పీఎంఐ వెబ్‌సైట్‌లో ఉన్న ఎగ్జామ్ కంటెంట్ అవుట్‌లైన్‌నే ఆధారం చేసుకోండి. ప్రశ్నలు చాలావరకు ‘ఈ పరిస్థితిలో ముందు ఏం చేస్తారు?’ అన్న తీరులో ఉంటాయి. నిజంగా టీంను నడిపినవాళ్లకు అవి సులువు, బట్టీ పట్టినవాళ్లకు నాలుగు జవాబులూ ఒకేలా కనిపిస్తాయి. ఫీజు, శిక్షణ కలిపితే ఖర్చు పదుల వేల రూపాయలు. పాసయ్యాక ప్రతి మూడేళ్లకూ 60 పీడీయూలు, అంటే వృత్తిలో నేర్చుకోవడానికి పెట్టిన గంటల లెక్క, చూపించి, మళ్లీ ఫీజు కట్టి కొనసాగించుకోవాలి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. ‘అనుభవం లేకపోయినా ఫర్వాలేదు, దరఖాస్తు మేం రాసిపెడతాం’ అనే సంస్థలు ఉన్నాయి. వాళ్ల మాట వినకండి. పీఎంఐ కొన్ని దరఖాస్తుల్ని ఆడిట్‌కు ఎంచుకుంటుంది. అప్పుడు మీ పాత మేనేజర్ల ధ్రువీకరణ పంపాలి. అబద్ధం బయటపడితే పోయేది సంస్థ పేరు కాదు, మీ పేరు. పాస్ గ్యారంటీ అనే మాట వినిపించిన చోట కూడా నేనైతే లేచి వచ్చేస్తాను. పీఎంఐ గుర్తింపు పొందిన శిక్షణ సంస్థల జాబితా దాని వెబ్‌సైట్‌లోనే ఉంటుంది, అందులో పేరు చూసుకున్నాకే ఫీజు మాట.

సీఏపీఎం అదే పీఎంఐ ఇచ్చే తొలి స్థాయి సర్టిఫికెట్. అనుభవం అడగరు, 23 గంటల శిక్షణ చాలు, 150 ప్రశ్నలు, మూడు గంటలు. ఇది ఉంటే తర్వాత పీఎంపీకి 35 గంటల శిక్షణ వేరుగా చూపించక్కర్లేదు. చివరి సంవత్సరం విద్యార్థికి, ఉద్యోగంలో చేరి ఏడాదో రెండేళ్లో అయినవారికి బాగుంటుంది. రెండున్నరేళ్ల అనుభవం వచ్చేసినవాళ్లు దీని మీద డబ్బు పెట్టడం నాకు ఇష్టం లేదు, కొంచెం ఆగి నేరుగా పీఎంపీకే వెళ్లండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు పీఎంఐ పెర్ల్ సిటీ చాప్టర్ అందుబాటులో ఉంది. అక్కడి కార్యక్రమాలకు వెళ్తే వేరే రంగాల్లో ఈ పని చేస్తున్నవాళ్లతో పరిచయాలు అవుతాయి, పుస్తకాల్లో లేని సంగతులు వాళ్ల దగ్గరే వింటారు.

స్క్రమ్ సర్టిఫికెట్లు

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పనిచేసేవాళ్లకు ముందు ఎదురయ్యేది స్క్రమ్. నెలకు మించని స్ప్రింట్లు (పని విడతలు), రోజూ పావుగంట మీటింగ్, పదిమంది లోపు టీం. దీని మూల పత్రం కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ రాసిన స్క్రమ్ గైడ్. 2020 కూర్పు పట్టుమని పదిహేను పేజీలు కూడా లేదు, ఉచితం. కోర్సు కొనే ముందు ఒక సాయంత్రం అది చదవండి.

స్క్రమ్ అలయన్స్ అనే సంస్థ ఇచ్చే సర్టిఫైడ్ స్క్రమ్ మాస్టర్, అంటే సీఎస్‌ఎంకు గుర్తింపు పొందిన ట్రైనర్ దగ్గర క్లాసు తప్పనిసరి, సాధారణంగా రెండు రోజులు. పరీక్షలో 50 ప్రశ్నలకు 37 సరైతే చాలు, రెండేళ్లకోసారి రెన్యువల్ ఉంటుంది. స్క్రమ్ డాట్ ఆర్గ్ అనే మరో సంస్థ ఇచ్చే ప్రొఫెషనల్ స్క్రమ్ మాస్టర్, అంటే పీఎస్‌ఎం-1కు క్లాసు తప్పనిసరి కాదు, గంటలో 80 ప్రశ్నలు, 85 శాతం రావాలి, రెన్యువల్ లేదు. సొంతంగా చదువుకోగలిగితే పీఎస్‌ఎం-1 చవక, పరీక్ష కూడా గట్టిది. కంపెనీ ఫీజు కడుతుంటే, నలుగురిలో కూర్చుని ప్రశ్నలు అడిగితేనే బుర్రకెక్కే స్వభావమైతే సీఎస్‌ఎం. ఐటీ బయట ఉన్నవాళ్లకు గైడ్ చదివి గోడ మీద చీటీలు వాడడమే సరిపోతుంది, సర్టిఫికెట్ అవసరం లేదు.

సివిల్ ఇంజినీర్లకు విడిగా

గల్ఫ్‌కు వెళ్లాలనుకునే మన సివిల్, మెకానికల్ కుర్రాళ్లకు చెప్పేది వేరు. ప్లానింగ్ ఇంజినీర్ ప్రకటనల్లో ఒరాకిల్ వారి ప్రైమవేరా పీ6 అనే షెడ్యూల్ సాఫ్ట్‌వేర్ అడుగుతారు. దాని బటన్లు నేర్పే కోర్సులు అమీర్‌పేట చుట్టుపక్కల బోలెడు. కానీ ఇంటర్వ్యూలో అడిగేది ‘ఈ యాక్టివిటీకి ఫ్లోట్ నెగటివ్ ఎందుకు వచ్చింది?’ అని, అంటే పని గడువు దాటిపోతుందని లెక్క ఎందుకు చూపిస్తోంది అని. క్రిటికల్ పాత్‌ను చేత్తో కాగితం మీద వేయగలిగినవాడు దానికి జవాబు చెబుతాడు. అందుకని ముందు ఎన్‌పీటీఈఎల్‌లో లెక్కలు, తర్వాత పీ6, సైట్‌లో మూడేళ్లు గడిచాక పీఎంపీ. ఈ వరస తిరగేయకండి. సాఫ్ట్‌వేర్ కొనలేకపోతే ప్రాజెక్ట్‌లిబ్రే, గాంట్‌ప్రాజెక్ట్ లాంటి ఉచితమైన వాటితో సాధన చేయండి, సూత్రం ఒకటే. నిర్మాణ రంగంలోనే జీవితమంతా ఉండాలనుకునేవారికి హైదరాబాద్‌లో నిక్మార్ లాంటి చోట పీజీ చదవడం కూడా ఒక దారి, కానీ సమయం, ఖర్చు రెండూ ఎక్కువ.

ప్రిన్స్2 అనే సర్టిఫికెట్ గురించి ఒక్క మాట. బ్రిటన్ ప్రభుత్వ పనుల్లోంచి వచ్చిన, ప్రాజెక్టులు నడిపే పద్ధతి ఇది. యూకేలో, యూరప్, ఆస్ట్రేలియాల్లో కొన్నిచోట్ల ఉద్యోగం చూస్తుంటేనో, మీ కంపెనీ క్లయింట్ ఆ పద్ధతి వాడుతుంటేనో చేయండి. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉంటూ ఇక్కడే ఉద్యోగం వెతికేవారికి దీని అవసరం తక్కువ.

ఫీజు కట్టే ముందు

మీకు నచ్చే ఉద్యోగ ప్రకటనలు ఒక ఇరవై తీసి ముందు పెట్టుకోండి. లింక్డ్‌ఇన్, నౌకరీ, ఏదైనా సరే. ప్రతిదాంట్లో ఏ సర్టిఫికెట్ ‘తప్పనిసరి’ అన్నారు, ఏది ‘ఉంటే మంచిది’ అన్నారు, ఏదీ అడగనివి ఎన్ని అని మూడు గీతలు గీసి లెక్కపెట్టండి. ఇరవైలో సగానికి పైగా ఒకే పేరు తప్పనిసరి అంటే దానికి డబ్బు పెట్టొచ్చు. ఎక్కువ భాగం ఏమీ అడగకుండా ‘టీంను నడిపిన అనుభవం’ అని మాత్రమే రాస్తే, ఆ డబ్బు దాచుకుని రేపు ఉదయం మీ మేనేజర్ దగ్గరకు వెళ్లి, ఎవరూ పట్టించుకోకుండా ఆగిపోయిన పని ఏదైనా ఉంటే నాకు ఇవ్వండి, మూడు నెలల్లో ముగించి చూపిస్తాను అని అడగండి.